సిలికా పూసిన ఇనుప ఆక్సైడ్ నానోకణాలు: అయస్కాంత ధర్మాన్ని కొలిచే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మాగ్నటైట్ (అయస్కాంత ధర్మమున్న ఇనుప ఆక్సైడ్) నానోకణాలను ఎంచుకునే విద్యార్థులకు వాటి తయారీ కన్నా కొలత ఫలితాన్ని సరిగా చదవడమే కష్టం. కళింగపట్నం తీరపు నల్ల ఇసుకను మూలపదార్థంగా వాడవద్దు. అందులోని నల్లరేణువుల్లో అధికభాగం మాగ్నటైట్ కాదు, ఇల్మనైట్ (ఇనుము–టైటానియం ఆక్సైడ్ ఖనిజం).

నైట్రోజన్ పంపి ఆక్సిజన్ తొలగించిన 100 మి.లీ. స్వేదనజలంలో 5.41 గ్రా. ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్‌ను, 1.99 గ్రా. ఫెర్రస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్‌ను కరిగిస్తే మోల్ నిష్పత్తి 2:1 అవుతుంది. తీరప్రాంతపు తేమగాలికి ఫెర్రిక్ క్లోరైడ్ ఇట్టే చెమరుస్తుంది కనుక త్వరగా తూచి సీసా మూత బిగించాలి. ద్రావణాన్ని 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ఫ్యూమ్ హుడ్‌లో అమ్మోనియాను చుక్కలుగా చేర్చి పీహెచ్ 10కి తేవాలి. నారింజరంగు ద్రావణం నల్లబడి, బీకరు పక్కన పెట్టిన అయస్కాంతం వైపుకు అవక్షేపం కదులుతుంది. అది గోధుమరంగుకు తిరిగితే మాగ్నటైట్ ఆక్సీకరణం చెంది మాగ్హెమైట్ అనే మరో ఇనుప ఆక్సైడ్‌గా మారుతోందన్నమాట. మాగ్నటిక్ స్టిర్రర్ కడ్డీకి కణాలు అంటుకుపోతాయి. మోటారు స్టిర్రరే మేలు.

కడిగిన కణాల్లో కొంత భాగాన్ని పూత లేకుండా తప్పక దాచాలి, లేకపోతే పోల్చి చూడడానికి ఆధారమే ఉండదు. మిగిలినదాన్ని ఇథనాల్–నీటి మిశ్రమంలో అల్ట్రాసోనిక్ బాత్‌తో విడదీసి, అమ్మోనియా సమక్షంలో సిలికా పూతనిచ్చే టెట్రాఇథైల్ ఆర్థోసిలికేట్‌ను నెమ్మదిగా చేర్చి కొన్ని గంటలు కలపాలి.

వీఎస్ఎంలో (నమూనాను కంపింపజేసి దాని అయస్కాంతత్వాన్ని కొలిచే పరికరం) పెట్టే పొడి కదలకుండా గట్టిగా కుదించి ఉండాలి; కణాలు తిరిగితే, క్షేత్రంతో పాటు అయస్కాంతత్వం ఎలా మారుతోందో చూపే వక్రరేఖ మోసం చేస్తుంది. గది ఉష్ణోగ్రత వద్ద వక్రరేఖ లూప్ లేకుండా మూలబిందువు గుండా సాగితే కణాలు సూపర్‌పారామాగ్నటిక్ (క్షేత్రం తీసేస్తే అయస్కాంతత్వం మిగలని) స్వభావం చూపుతున్నట్టు. పూత తర్వాత గ్రాముకు ఈఎంయూ (అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం) తగ్గగానే, సిలికా అయస్కాంతత్వాన్ని బలహీనపరిచిందని రాసేయడం సర్వసాధారణం, కానీ ఆ తగ్గుదలలో ఎక్కువ భాగం సిలికా బరువు కలవడం వల్లే కావచ్చు. అది తేల్చడానికి నమూనాను వేడి హైడ్రోక్లోరికామ్లంలో పూర్తిగా కరిగించి (సిలికా కరగదు), ఇనుమంతటినీ ఫెర్రస్ స్థితికి తెచ్చి డైక్రోమేట్ టైట్రేషన్ చేయాలి. వచ్చిన ఇనుము బరువును 1.382తో గుణిస్తే మాగ్నటైట్ బరువు తెలుస్తుంది. ఉదాహరణకు, నమూనాలో మాగ్నటైట్ 60 శాతమై, కొలత 36 ఈఎంయూ/గ్రా. అయితే, అసలు గర్భకణం (పూత లోపలి మాగ్నటైట్) విలువ 60. పూత లేని పొడి 62 చూపితే, సిలికా చేసిన మార్పు స్వల్పమే. స్థూల మాగ్నటైట్‌కు ఇది దాదాపు 92. నానోకణాల్లో ఉపరితల స్పిన్‌లు (అక్కడి పరమాణువుల సూక్ష్మ అయస్కాంతాలు) క్రమం తప్పడం వల్ల తగ్గుతుంది.

అవకాశం ఉంటే జీరో ఫీల్డ్ కూలింగ్ కొలత (క్షేత్రం లేకుండా చల్లబరిచి, తర్వాత చిన్న క్షేత్రంలో వేడిచేస్తూ అయస్కాంతత్వాన్ని కొలవడం) కూడా చేయించాలి. పూత వల్ల గర్భకణాలు దూరమై, వాటి మధ్య ద్విధ్రువ అన్యోన్యచర్య (ఒకదానిపై ఒకటి చూపే అయస్కాంత ప్రభావం) తగ్గితే ఆ వక్రరేఖ శిఖరం తక్కువ ఉష్ణోగ్రతకు కదులుతుంది. అది కదలకపోతే కణాలు విడివిడిగా కాక గుంపులుగానే పూతకు గురయ్యాయేమోనని టీఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రంలో చూడాలి.