పాత చెక్క నేలకు కొత్త రంగు – 4వ పాఠం: స్టెయిన్ మచ్చలు మచ్చలుగా పడితే

పోయిన పాఠంలో స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) పూసి ఆపాం. ఆరాక చూస్తే గోడవారన ముదురు చారలు, కిటికీ దగ్గర పాలిపోయిన మచ్చలు. పైన ఇంకో కోటు వేసేయాలనిపిస్తుంది. వేయకండి, తేడా అలాగే ఉండి నేలంతా నల్లబడుతుంది. "వార్నిష్ పడితే కలిసిపోద్ది సార్" అని మేస్త్రీ అంటాడు. కలవదు, ఇంకా తేలి కనిపిస్తుంది.

లేత మచ్చ మీద రెండు నీటి చుక్కలు వేయండి, పక్కన రంగు బాగా పట్టినచోటా వేయండి. అక్కడ ఇంకిపోయి, మచ్చ మీద మాత్రం గుండ్రంగా నిలబడితే పాత మైనమో వార్నిషో మిగిలి ఉన్నట్టు. టర్పెంటైన్ గుడ్డతో తుడిచి, ఆరాక ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ పూయాలి.

గోడవార చారల సంగతి వేరు. నేలను రుద్దే పెద్ద మెషిన్ గోడదాకా రాదు, అక్కడ చేత్తో రుద్దుతాం. నడిమి నేలను 100 నంబరు ఎమరీ పేపర్ దాకా రుద్ది, అంచుల్ని 60 దగ్గరే వదిలేస్తే అంచులు రంగును ఎక్కువ తాగేస్తాయి. నంబరు పెరిగేకొద్దీ చెక్క నున్నబడి తక్కువ తీసుకుంటుంది. స్టెయిన్ ఇంకా పచ్చిగా ఉంటే టర్పెంటైన్‌తో తుడిస్తే కొంత రంగు దిగుతుంది. ఆరిపోతే 60 నుంచి 80, 100 దాకా వరసగా, చెక్క నార వెంట రుద్దండి. మచ్చ వరకే రుద్ది ఆపొద్దు, పలక మొత్తం ఈ చివర నుంచి ఆ చివరదాకా రుద్దాలి. పలకకూ పలకకూ కొంచెం తేడా ఉన్నా సహజంగానే అనిపిస్తుంది. ఒకే పలక మధ్యలో గీత పడితే మాత్రం దాచలేం.

బెంగళూరు పాత బంగళాల్లో టేకు పలకల మధ్య ఎవరో ఎప్పుడో అతికించిన పైన్ ముక్క తగులుతుంటుంది. పైన్‌కు మచ్చలు పడే గుణం ఉంది. స్టెయిన్‌కు ముందు స్పిరిట్‌లో బాగా పలచగా కలిపిన లక్క ఒక పూత వేస్తే కొంత అదుపులోకి వస్తుంది. నేనైతే అంత టెన్షన్ పెట్టుకోకుండా పాత ఇళ్ల చెక్క అమ్మే చోట టేకు పలక వెతుక్కుంటాను.

పని అయ్యాక టార్చిని నేల మీద పడుకోబెట్టి వెలిగించి చూడండి. పైనుంచి పడే లైట్లో దాగిన గీతలన్నీ బయటపడతాయి. జూలై తుంపర్ల రోజుల్లో డబ్బా మీద రాసిన గంటల కన్నా ఎక్కువసేపు ఆరనివ్వాలి. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విప్పి, బయట గచ్చు మీద పరిచి, గట్టిగా ఎండాకే చెత్తలో వేయండి.