తోక లేపేటప్పుడే కుడి కాలు

పుష్పక్ లాంటి తోకచక్రం విమానం మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) అంత పొడవైన రన్‌వే మీదైనా పక్కకు పోయేది ఎక్కువగా టేకాఫ్ పరుగులో తోక లేపే ఆ రెండు మూడు సెకన్లలోనే. కాక్‌పిట్ నుంచి చూస్తే ప్రొపెల్లర్ సవ్యదిశలో తిరుగుతుంది. అందుకే తోక లేస్తుంటే గైరోస్కోప్ ప్రభావం (తిరిగే ప్రొపెల్లర్‌ను వంచితే పక్కకు పుట్టే తోపు) ముక్కును ఎడమకు లాగుతుంది. తోకను ఒక్కసారిగా ఎత్తకండి. నెమ్మదిగా లేపుతూ, అదే క్షణంలో కుడి రడ్డర్ (కాలితో తొక్కితే ముక్కును పక్కకు తిప్పే తోక పలక) పెంచండి. తిరిగాక తొక్కితే ఆలస్యమే. గరిమనాభి ప్రధాన చక్రాల వెనకుంటుంది కాబట్టి మొదలైన తిప్పు దానంతటదే ముదురుతుంది. నైరుతి ముఖంగా లేస్తుంటే సాయంత్రపు పైరగాలి ఎడమ నుంచి తగిలి ముక్కును ఇంకా అటే తిప్పుతుంది. ఐలరాన్ (రెక్కల చివర కదిలే పలకలు) పూర్తిగా ఎడమకు పెట్టి మొదలెట్టండి, వేగం అందుకునేకొద్దీ తగ్గించండి. టైగర్ మాత్ అనే పాత శిక్షణ విమానంలో ప్రొపెల్లర్ అపసవ్యంగా తిరుగుతుంది, దానికి ఎడమ కాలు. అదుపు తప్పుతోందనిపిస్తే వెంటనే థ్రాటిల్ మూసేయండి.