డయాలసిస్ పేషెంటుకు ఉన్నట్టుండి దమ్ము: యూఎఫ్ పెంచే ముందు ప్రోబ్ పెట్టండి

ఆదివారం ఎడం దాటాక సోమ, మంగళవారాల్లో వరంగల్ చుట్టుపక్కల ఏ డయాలసిస్ యూనిట్‌లోనైనా ఈ మాట వినిపిస్తుంది: "పండుకుంటే దమ్మొస్తంది సారూ." ఎండాకాలం అంబలి, మజ్జిగ, ఊళ్లో పండగైతే కల్లు. బరువు 4 కిలోలు పెరిగి ఉంటుంది. నీళ్లేనని యూఎఫ్ (అల్ట్రాఫిల్ట్రేషన్, డయాలసిస్‌లో ఒంట్లోని నీరు తీయడం) పెంచుతాం. చాలాసార్లు ఆ లెక్క సరిపోతుంది కూడా. సరిపోనినాడు మాత్రం డయాలసిస్ మెషీన్ మీదే బీపీ పడిపోతుంది. సూదులు గుచ్చేలోపు 5 నిమిషాలు అల్ట్రాసౌండ్ ప్రోబ్‌తో ఛాతీని స్కాన్ చేస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

మేడారం జాతరకని రెండు విడతలు ఎగ్గొట్టి వచ్చినవాళ్లకు ప్రోబ్ కన్నా ముందు ఈసీజీ తీయండి. గుండె లయను చెడగొట్టే పొటాషియం మన స్కాన్ అయ్యేదాకా ఆగదు.

స్కాన్ మెషీన్ సర్దుకోవడం

కర్వ్‌డ్ ప్రోబ్, 3.5 నుంచి 5 మెగాహెర్ట్జ్. డెప్త్ 12 నుంచి 16 సెం.మీ. లంగ్ ప్రీసెట్ లేకపోతే అబ్డామెన్‌లో పెట్టి హార్మోనిక్స్, కాంపౌండింగ్ ఆపేయండి. చిత్రాన్ని అందంగా చేసే ఆ ఫిల్టర్లే బి-లైన్లను (కింద చెప్పే నిలువు గీతలను) చెరిపేస్తాయి. దమ్ముతో ఉన్న మనిషిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు, 45 డిగ్రీల్లో కూర్చోబెట్టే చూడండి. ఛాతీకి ఒక్కో పక్క నాలుగు చోట్లు: ముందు పైన, ముందు కింద, పక్కన పైన, పక్కన కింద.

ఇంకో మాట. పోర్టబుల్ కదా అని మెషీన్‌ను సంచిలో వేసుకుని పక్క ఊరి సెంటర్‌కు తీసుకుపోవడం కుదరదు. 1994 నాటి పీసీ-పీఎన్‌డీటీ (గర్భస్థ లింగ నిర్ధారణ నిషేధ) చట్టం కింద అది ఏ ఆసుపత్రిలో రిజిస్టర్ అయిందో అక్కడే వాడాలి.

రెండు పక్కలా బి-లైన్లు, ప్లూరా (ఊపిరితిత్తి పొర) గీత నున్నగా ఉంది

ప్లూరా దగ్గర మొదలై స్క్రీన్ అడుగుదాకా దిగుతూ, ఊపిరితో కదులుతూ, అడ్డంగా ఉండే ఎ-లైన్లను చెరిపేసేదే బి-లైన్. సగంలో ఆగిపోయే తోకలను లెక్కలోకి తీసుకోవద్దు. ఒక చోట 3 లేదా ఎక్కువ ఉంటే ఆ చోటు పాజిటివ్. ఒక్కో పక్క కనీసం రెండు చోట్లు పాజిటివ్ అయితే, ఈ పేషెంట్లలో తొలి అనుమానం ఊపిరితిత్తుల్లో నీరే.

కూర్చోబెట్టి ఆక్సిజన్, అవసరమైతే సీపాప్ (ఒత్తిడితో గాలి పంపే మాస్క్). బీపీ ఎక్కువుంటే నైట్రోగ్లిజరిన్. మూత్రం రాని మనిషికి లాసిక్స్ మీద ఆశ పెట్టుకోకండి. తర్వాత యూఎఫ్: మామూలుగా గంటకు కిలోకు 13 మి.లీ. దాటకూడదు. 50 కిలోల మనిషికి అది 650 మి.లీ. అంటే 3 లీటర్లు తీయాలంటే 4 గంటల 40 నిమిషాలు కావాలి. సమయం పొడిగించండి, లేదా మర్నాడు మళ్లీ పిలవండి. నీరు దిగుతుంటే బి-లైన్లు డయాలసిస్ జరుగుతుండగానే తగ్గుతూ కనబడతాయి. తగ్గకపోతే మొదట వేసిన లెక్కే తప్పు.

ఐవీసీని (ఒంటి కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) ఒంటరిగా నమ్మొద్దు. 2.1 సెం.మీ. దాటి, ముక్కుతో గట్టిగా పీల్చినా సగం కూడా ముడుచుకోకపోతే కుడి కర్ణికలో ఒత్తిడి ఎక్కువన్నట్టే. కానీ పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఎక్కువ ఒత్తిడి), ట్రైకస్పిడ్ (గుండె కుడి పక్క కవాటం) లీకు ఉన్నవాళ్లలో ఒంట్లో నీరు లేకపోయినా అది ఉబ్బే ఉంటుంది.

ఐవీసీ ఉబ్బింది, బీపీ మాత్రం తక్కువ. యూఎఫ్ మొదలెట్టగానే ఇంకా పడింది

ఈ పొరపాటుకే భయపడాలి. గుండె చుట్టూ నల్లటి పట్టీ కనబడుతుందేమో చూడండి. డయాస్టొలీలో (గుండె సడలినప్పుడు) 1 సెం.మీ. లోపైతే కొంచెం, 2 దాటితే పెద్దది. ఎడమ ప్లూరాలోని నీటితో పొరబడకుండా డిసెండింగ్ అయోర్టాను (గుండె వెనక కిందికి దిగే పెద్ద ధమని) వెతకండి: పెరికార్డియం (గుండె పొర) నీరు దానికి ముందు ఆగుతుంది, ప్లూరా నీరు దాని వెనక్కి పోతుంది. డయాస్టొలీలో కుడి జఠరిక లోపలికి నొక్కుకుంటే అది టాంపొనేడ్ (చుట్టూ చేరిన నీరు గుండెను నొక్కేయడం). పల్మనరీ హైపర్‌టెన్షన్ ఉంటే ఆ నొక్కుడు కనబడకపోవచ్చు, కాబట్టి నొక్కుడు లేదని వదిలేయొద్దు.

పరిష్కారం: యూఎఫ్ ఆపండి, హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఆపండి. బీపీ మరీ తక్కువైతే 250 మి.లీ. సెలైన్ ఇస్తూ ఎకో చూసుకుంటూ నీరు తీయగలవాళ్లను పిలవండి. టాంపొనేడ్ లేని యురీమిక్ పెరికార్డైటిస్ (కిడ్నీ జబ్బు వల్ల గుండె పొర వాపు) అయితే హెపారిన్ లేకుండా రోజూ డయాలసిస్.

రెండు పక్కలా ఎ-లైన్లే, అయినా దమ్ము

ఊపిరితిత్తుల్లో నీళ్లు లేవు, కాబట్టి యూఎఫ్‌తో ఈ దమ్ము తగ్గదు. అసిడోసిస్, రక్తహీనత, ఆస్తమా చూడండి. కుడి జఠరిక ఎడమదాని కన్నా పెద్దగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి గడ్డ చేరిందేమోనని లీనియర్ ప్రోబ్‌తో తొడ, మోకాలి వెనక సిరలను నొక్కండి. నొక్కినా మూసుకోని సిరలో గడ్డ ఉన్నట్టే. ఫెమొరల్ క్యాథెటర్ ఉన్న కాలును మర్చిపోవద్దు. ఎల్‌ఎండబ్ల్యూ (తక్కువ అణుభారపు) హెపారిన్ వీళ్లలో పేరుకుంటుంది, మామూలు హెపారిన్ మేలు.

మెషీన్ ఎక్కిన తొలి నిమిషాల్లోనే దురద, దద్దుర్లతో దమ్మొస్తే డయలైజర్ (రక్తాన్ని వడకట్టే ఫిల్టర్) రియాక్షన్: లైన్లు బిగించండి, రక్తం తిరిగి ఎక్కించొద్దు, 1:1000 అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ కండలోకి. లైన్‌లో గాలి కనబడితే పంపు ఆపి, వీనస్ లైన్ బిగించి, తల కిందికి ఉండేలా ఎడమ పక్కకు తిప్పి, నూరు శాతం ఆక్సిజన్ పెట్టండి. కుడి జఠరికలో నాలుగు మెరుపు చుక్కలు చూసి కంగారు పడొద్దు, మామూలు డయాలసిస్‌లోనూ అవి తిరుగుతుంటాయి.

ఒక్క పక్కే తేడా

ఒక్క పక్కే బి-లైన్లు, గరుకు ప్లూరా అయితే న్యుమోనియా వైపు ఆలోచించండి. అడుగున నల్లటి నీరుంటే దాని లోతును మి.మీ.లో కొలిచి 20తో గుణిస్తే ఉజ్జాయింపుగా మి.లీ. వస్తుంది. లోపల సాలెగూడులా పోగులుంటే టీబీని గుర్తుంచుకుని నీరు తీసి పరీక్షకు పంపండి. ఒక్కసారే 1.5 లీటర్లు మించి తీయొద్దు.

జుగులర్ క్యాథెటర్ వేసిన పక్క ప్లూరా జారకపోతే న్యుమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) అనుమానం. అక్కడే ఒక్క బి-లైన్ కనబడినా ఆ చోట గాలి లేనట్టే. పాత టీబీ అతుకుల వల్ల కూడా జారడం ఆగుతుంది. జారే చోటు, జారని చోటు కలిసే లంగ్ పాయింట్ దొరికితేనే ఖాయం. పేషెంట్ కుప్పకూలుతుంటే మాత్రం దాన్ని వెతుకుతూ కూర్చోకుండా గాలి తీసే సూది వేయండి.

సెషన్ చివర అవే చోట్లు మళ్లీ చూసి బి-లైన్ల లెక్క రన్ షీటులో రాయండి. బరువు డ్రై వెయిట్‌కు (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) దిగినా అవి మిగిలే ఉండి, కారణం నీరేనని తేలితే, ఆ డ్రై వెయిట్ పాతబడింది. వచ్చే కొన్ని సెషన్లలో అరకిలో చొప్పున దించండి. ప్రోబ్‌ను స్పిరిట్‌తో తుడవొద్దు, చాలా ప్రోబ్‌ల రబ్బరు ముఖం పగిలిపోతుంది.