నలుపు-తెలుపు ఫొటోలకే పరిమితమైన డిజిటల్ కెమెరా కొనాలా, వద్దా? తేల్చుకునే పద్ధతి

రంగులను అసలే నమోదు చేయని డిజిటల్ కెమెరా కొనాలని ఆలోచిస్తున్నవారు ముందుగా తమను తాము ఒక ప్రశ్న అడగాలి. ఫొటోలో ఏ రంగు ఎంత నల్లగా, ఎంత తెల్లగా రావాలన్నది షట్టర్ నొక్కకముందే నిర్ణయించుకుంటున్నారా, లేక ఇంటికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాక నిర్ణయించుకుంటున్నారా? మొదటి రకం వారికి ఈ కెమెరా ఉపయోగపడుతుంది. రెండో రకం వారికి, నలుపు-తెలుపు ఫొటోలంటే ఎంత ప్రాణమైనా, ఇది ఖరీదైన సంకెల అవుతుందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణం సెన్సార్ పనిచేసే తీరులోనే ఉంది కనుక అక్కడి నుంచే మొదలుపెడదాం.

మామూలు డిజిటల్ సెన్సార్‌కు రంగులు తెలియవు. తన మీద ఎంత కాంతి పడిందో కొలవడమే దాని పని. రంగు తెలియడం కోసం ప్రతి పిక్సెల్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి అమరుస్తారు. కొడాక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంట్ లభించింది. ఇందులో ప్రతి నాలుగు పిక్సెళ్లకు రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలం ఉంటాయి. అంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఎరుపును నేరుగా చూసేవి 60 లక్షల పిక్సెళ్లు మాత్రమే. ప్రతి పిక్సెల్ దగ్గరా తక్కిన రెండు రంగుల విలువలను చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. నలుపు-తెలుపు కెమెరాలో ఈ ఫిల్టర్ల పొర ఉండదు. ప్రతి పిక్సెల్ తన మీద పడిన వెలుతురునంతా కొలుస్తుంది, అంచనా అవసరమే రాదు.

దీనివల్ల మొదట కలిసివచ్చేది వెలుతురు. రంగు ఫిల్టర్ అడ్డుకునే కాంతి కూడా సెన్సార్‌కు చేరుతుంది కనుక సుమారు ఒక స్టాప్, అంటే దాదాపు రెట్టింపు వెలుతురు, లాభం ఉంటుంది. దీనికి ప్రకటనలను నమ్మవలసిన పని లేదు, తయారీదారులు ఇచ్చే అంకెలే చెబుతాయి. లైకా ఎం11 రంగుల కెమెరాలో ఐఎస్ఓ (కాంతికి సెన్సార్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె; అది రెట్టింపైతే ఒక స్టాప్) 64 నుంచి మొదలైతే, దాని నలుపు-తెలుపు రూపమైన ఎం11 మోనోక్రోమ్‌లో 125 నుంచి మొదలవుతుంది. పెంటాక్స్ కె-3 మార్క్ 3లో అది 100 కాగా, దాని మోనోక్రోమ్ రూపంలో 200. ఆచరణలో చూస్తే, రంగుల కెమెరాతో సెకనులో 60వ వంతు వేగంతో తీయవలసిన దృశ్యాన్ని దీనితో 125వ వంతు వేగంతో, దాదాపు అంతే నాణ్యతతో తీయవచ్చు. రంజాన్ రాత్రుల్లో చార్మినార్ సందుల్లో నడిచే మనుషులను తీసేవారికి ఆ తేడా విలువ వెంటనే అర్థమవుతుంది. పైగా ఐఎస్ఓ బాగా పెంచినప్పుడు రంగుల కెమెరాలో ఎర్రగా, ఆకుపచ్చగా కనిపించే మచ్చలు ఇందులో ఉండవు; కనిపించే రేణువులు చిన్నవిగా, సమంగా, ఫిల్మ్ గ్రెయిన్‌ను తలపించేలా ఉంటాయి. ఐఎస్ఓ 6400 దాటిన తర్వాతే ఈ కెమెరాలు తమ ధరకు న్యాయం చేస్తాయని నాకు అనిపిస్తుంది.

రెండో లాభం సూక్ష్మ వివరాలు. గుడ్డ నేత, జుట్టు, రాతి గరుకుదనం వంటివి అదే మెగాపిక్సెళ్ల రంగుల ఫొటోలోకంటే స్పష్టంగా వస్తాయి. అయితే ఈ లాభాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా చేసి చెబుతుంటారు. మన ల్యాబుల్లో ఎక్కువగా వేయించే పెద్ద సైజుల్లో ఒకటైన 12×18 అంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 5400×3600 పిక్సెళ్లు, అంటే 20 మెగాపిక్సెళ్లకు కొంచెం తక్కువే చాలు. మామూలు 24 మెగాపిక్సెళ్ల రంగుల కెమెరా ఆ పని ఇప్పటికే చేస్తోంది. ఫోన్ తెర మీద చూసేవారికి, పత్రికలో అచ్చయ్యే ఫొటోకు ఈ తేడా దాదాపు కనిపించదు. గోడ నిండా ప్రింట్లు వేసి, దగ్గరగా వచ్చి చూడమనేవారు మాత్రమే దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక పోయేదాని గురించి మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. రంగుల కెమెరాతో తీసిన రా ఫైలును (సెన్సార్ నమోదు చేసినదంతా ఉన్నదున్నట్టు దాచే ముడి ఫైలును) నలుపు-తెలుపులోకి మార్చేటప్పుడు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్లైడర్ ఉంటుంది. నీలాన్ని తగ్గిస్తే ఆకాశం నల్లబడుతుంది, నారింజను పెంచితే చర్మం తేటగా వస్తుంది. నలుపు-తెలుపు కెమెరా ఫైలులో రంగు సమాచారమే లేదు కనుక ఆ స్లైడర్లకు పని లేదు. గుంటూరు మిర్చి యార్డులో ఎర్రటి మిరపకాయల కుప్ప పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్న మనిషి నిలబడితే, కంటికి ఎంతో తేడాగా కనిపించే ఆ రెండు రంగులూ ఫొటోలో ఇంచుమించు ఒకే బూడిద ఛాయలోకి వచ్చి కలిసిపోవచ్చు. రంగుల ఫైలులో ఎరుపును పైకి జరిపితే కుప్ప విడిగా తేలుతుంది. నలుపు-తెలుపు కెమెరా ఉన్నవారు మాత్రం ఆ క్షణంలోనే తేడాను పసిగట్టి, లెన్స్ ముందు తగిన ఫిల్టర్ బిగించి ఉండాలి.

ఫిల్మ్ కాలంలో ఫొటోగ్రాఫర్లకు ఇది దినచర్య. అంతకుముందు, రాజా దీన్ దయాళ్ సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలంలో, ఫిల్మ్‌కు బదులు వాడిన గాజు పలకలు ప్రధానంగా నీలి కాంతికే స్పందించేవి కనుక ఆనాటి ఫొటోల్లో ఆకాశం తరచు తెల్లగా, శూన్యంగా కనిపిస్తుంది. నీలాన్ని నల్లబరచే వీలే ఆ పలకల్లో అంతగా లేదు. ఇప్పటి సెన్సార్ అన్ని రంగులకూ స్పందిస్తుంది గానీ, వాటిని వేరు చేసే పనిని మాత్రం ఫిల్టర్‌కే వదిలేస్తుంది. పసుపు ఫిల్టర్ ఆకాశాన్ని కొద్దిగా, నారింజ గట్టిగా, ఎరుపు నాటకీయంగా నల్లబరుస్తాయి. అందుకు ప్రతిఫలంగా పసుపు సుమారు ఒక స్టాప్, నారింజ రెండు, ముదురు ఎరుపు మూడు స్టాపుల కాంతిని తీసుకుంటాయి. అంటే ఎరుపు ఫిల్టర్ బిగించిన మరుక్షణం, ఈ కెమెరా ఇచ్చిన ఒక స్టాప్ లాభం పోయి, పైగా రెండు స్టాపులు నష్టపోతాం. పగటి వెలుగులో ఇది సమస్య కాదు, చీకట్లో ఆ ఫిల్టర్‌తో పనే ఉండదు. ముదురు ఎరుపుతో కొన్ని లెన్సుల్లో ఫోకస్ కొద్దిగా జరుగుతుంది; ముఖ్యంగా రేంజ్‌ఫైండర్ కెమెరాలో (లెన్స్ గుండా కాక వేరే కిటికీ గుండా దృశ్యాన్ని చూసే రకం, లైకా ఎం వంటిది) ఆ జరుగుబాటు వ్యూఫైండర్‌లో కనిపించదు కనుక వాడేముందు పరీక్షించి చూసుకోవాలి.

మన మనుషులను తీసేటప్పుడు మరో చిక్కు ఉంది. ఎరుపు ఫిల్టర్ చామనఛాయ ముఖాన్ని తేటగా చూపిస్తుంది గానీ, దానితోపాటు నుదుటి మీద కుంకుమ బొట్టు కూడా తేలిపోయి, ఒక్కోసారి కనిపించకుండా పోతుంది. ఆకుపచ్చ ఫిల్టర్‌తో బొట్టు నల్లగా, స్పష్టంగా నిలుస్తుంది, కానీ చర్మం ముదురుగా, గరుకుగా వస్తుంది. మనుషుల ముఖాల ఫొటోలకు లేత పసుపు దగ్గర ఆగడం, లేదా ఫిల్టర్ లేకుండా తీయడం మేలు. ముఖంలో చర్మానికి ఒక ఛాయ, బొట్టుకు ఒక ఛాయ, పట్టుచీరకు ఇంకొక ఛాయ విడివిడిగా కావాలనుకునేవారికి రంగుల కెమెరాయే సరైనది. ఏ గాజు ఫిల్టర్‌కూ అంత నేర్పు లేదు.

ఎక్స్‌పోజర్ విషయంలోనూ, అంటే సెన్సార్ మీద ఎంత వెలుతురు పడనివ్వాలన్న దాంట్లోనూ, అలవాటు మార్చుకోవాలి. రంగుల రా ఫైలులో వెలుతురు ఎక్కువై ఒక రంగులో వివరం పోయినా, మిగిలిన రెండింటి ఆధారంగా కొంత వివరాన్ని సాఫ్ట్‌వేర్ తిరిగి రాబడుతుంది. ఇక్కడ ఆ ఆధారం లేదు. ఎండలో నిలబడ్డ పెద్దాయన తెల్ల పంచె మడతలు ఒకసారి పూర్తి తెలుపైతే ఇక తిరిగి రావు. అందుకే వెలుతురు ఎక్కువగా ఉన్నచోట అర స్టాప్ నుంచి ఒక స్టాప్ వరకు తగ్గించి తీసి, నీడలను తర్వాత పైకి తేవాలి. నీడల్లో దాగిన వివరాన్ని ఈ సెన్సార్లు చాలా ఉదారంగా తిరిగి ఇస్తాయి కనుక ఈ పద్ధతిలో నష్టం తక్కువ.

ఇవన్నీ తెలిశాక, డబ్బు ఖర్చు పెట్టకముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. ఇప్పుడున్న కెమెరాను మోనోక్రోమ్ స్టైల్‌లో పెట్టి, రా, జేపెగ్ రెండూ నమోదయ్యేలా అమర్చి, రెండు మూడు నెలలు అలాగే వాడండి. తెర మీద నలుపు-తెలుపు కనిపిస్తుంది, రంగులు రా ఫైలులో భద్రంగా ఉంటాయి. ఆ తర్వాత బాగా వచ్చిన ఫొటోలను మాత్రమే ఏరి, వాటిని నిజాయితీగా పరిశీలించండి. వాటిలో ఎన్నింటికి రంగు తిరిగి తెచ్చుకున్నారు? ఎన్నింటిలో రంగుల స్లైడర్లను కదిపారు, ఆ కదలిక లేకపోతే ఫొటో నిలిచేదేనా? ఎన్నింటిని 3200 కంటే ఎక్కువ ఐఎస్ఓలో తీశారు? రంగు తిరిగి తెచ్చుకున్నవి గుప్పెడు కంటే ఎక్కువ ఉంటే ఈ ఆలోచన విరమించుకోవచ్చు. స్లైడర్ల మీద ఆధారపడ్డవి సగానికి పైగా ఉన్నా అంతే. స్లైడర్ ముట్టకుండానే నిలిచిన ఫొటోలు ఎక్కువై, వాటిలో చాలావరకు మసక వెలుతురులో తీసినవైతే, అప్పుడు మీరు నిజంగానే ఈ కెమెరాకు తగినవారు. తోలుబొమ్మలాట, బతుకమ్మ పూలు, జాతరలు తీయడం మీద మనసున్నవారికి ఈ పరీక్ష కూడా అక్కర్లేదు, ఈ కెమెరా వారికి కాదు. తోలుబొమ్మ వెనుక దీపం వెలిగించేదే ఆ రంగులు కనిపించడానికి.

ఇది ఇంట్లో ఏకైక కెమెరా అయితే కొనకండి. పిల్లల పుట్టినరోజును నలుపు-తెలుపులో మాత్రమే తీసి తెస్తే ఇంట్లో ఏమంటారో ఊహించుకోవచ్చు. పెళ్లిళ్లు తీసి జీవించేవారికి కూడా ఇది రెండో కెమెరాగానే పనికొస్తుంది.

కొనదగినవి చాలా తక్కువ. 2012లో వచ్చిన 18 మెగాపిక్సెళ్ల లైకా ఎం మోనోక్రోమ్ తర్వాత అదే సంస్థ 2015లో 24 మెగాపిక్సెళ్ల టైప్ 246, 2020లో 40 మెగాపిక్సెళ్ల ఎం10 మోనోక్రోమ్, అదే ఏడాది 28 మిల్లీమీటర్ల స్థిరమైన లెన్స్‌తో క్యూ2 మోనోక్రోమ్, 2023లో 60 మెగాపిక్సెళ్ల ఎం11 మోనోక్రోమ్ తెచ్చింది. ఎం11 మోనోక్రోమ్ విడుదల ధర అమెరికాలో 9,195 డాలర్లు, అదీ లెన్స్ లేకుండా. 2023లోనే వచ్చిన పెంటాక్స్ కె-3 మార్క్ 3 మోనోక్రోమ్ విడుదల ధర అమెరికాలో సుమారు 2,200 డాలర్లు. సెన్సార్ ఏపీఎస్-సీ పరిమాణమే (ఎం లైకాల సెన్సార్ కంటే చిన్నది) అయినా, చేతి వణుకును సరిచేసే ఏర్పాటు, వానకు, దుమ్ముకు తట్టుకునే శరీరం ఉన్నందున, మధ్యతరగతి కొనుగోలుదారుకు నేను ముందుగా చూపించేది దీన్నే. 1975 నుంచి పెంటాక్స్ వాడుతున్న కె-మౌంట్ అనే బిగింపు ఉన్న లెన్సులు దీనికి బిగుస్తాయి కనుక, ఇంట్లో పాత పెంటాక్స్ ఫిల్మ్ కెమెరా కె1000 ఉన్నవారికి దాని లెన్స్ కూడా పనికొస్తుంది, ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి అంతే. ఎం లైకాల్లోనూ, ఈ పెంటాక్స్‌లోనూ అద్దాల వ్యూఫైండర్‌లో దృశ్యం రంగుల్లోనే కనిపిస్తుందని మరవకండి. ముందే నలుపు-తెలుపులో చూడాలనుకునేవారికి క్యూ2 నయం. జేబులో పట్టే కెమెరా కోరుకునేవారి కోసం రికో కూడా జీఆర్ 4 మోనోక్రోమ్‌ను తెస్తున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించింది.

సెకండ్ హ్యాండ్‌లో 2012 నాటి ఎం మోనోక్రోమ్ ఆశ పెడుతుంది. ఆ తరం సీసీడీ సెన్సార్ల పైగాజు కాలక్రమంలో తినేసుకుపోయి మచ్చలు పడే లోపం అందరికీ తెలిసినదే. ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) బాగా చిన్నదయ్యేలా ఎఫ్16లో పెట్టి, ఖాళీ ఆకాశాన్నో తెల్లగోడనో తీసి, 100 శాతం సైజులో చూసి, మచ్చలు లేకుంటే, సెన్సార్‌ను కొత్త రకంతో మార్చినట్టు అమ్మేవారు కాగితం చూపిస్తేనే ముందుకు వెళ్లండి. పాత రంగుల కెమెరా సెన్సార్ మీది ఫిల్టర్ పొరను గీకి తీసే మార్పిడి సేవలు విదేశాల్లో ఉన్నాయి. ఆ గీకుడులో పిక్సెళ్ల మీది సూక్ష్మ లెన్సులు కూడా పోతాయి కనుక వెలుతురు లాభం ఆశించినంత ఉండదు, వారంటీ సరేసరి. సాంకేతిక కుతూహలం ఉన్నవారికి తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం మనవాళ్లకు అలవాటే. అక్కడి ప్రకటన ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు, ఇక్కడ దిగాక కస్టమ్స్ సుంకం పడవచ్చు, వారంటీ భారతదేశంలో చెల్లుతుందా అన్నది విక్రేత దగ్గర రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఈ మూడూ కలిపి లెక్క వేశాకే ఇక్కడి ధరతో పోల్చండి. ఎక్కడ కొన్నా, డబ్బు కట్టే ముందు మీ రంగుల కెమెరాను కూడా దుకాణానికి తీసుకువెళ్లి, ఒకే కోణం వచ్చేలా, ఒకే మసక మూలను రెండింటితోనూ 6400 ఐఎస్ఓలో తీసి, రెండు ఫైళ్లనూ ఇంటికి తెచ్చుకుని 12×18లో ప్రింటు వేయించండి. ఏది దేనితో తీసిందో ప్రింటు వెనుక రాసి, ఫొటోల మీద కన్నున్న మిత్రుడికి ముందువైపు మాత్రమే చూపించండి. తేడా ఆయనకు కనిపించకపోతే ఆ డబ్బుతో మంచి లెన్స్ కొనుక్కోవచ్చు. కనిపిస్తే కెమెరాతో పాటు మీ లెన్స్ వ్యాసానికి సరిపడే పసుపు, నారింజ ఫిల్టర్లు కూడా ఆ రోజే కొనండి.