ఈసీ శుభ్రంగా ఉందని బయానా ఇచ్చేయకండి

హైదరాబాద్‌లో అద్దెకిచ్చే ఉద్దేశంతో పాత ఫ్లాటు చూస్తుంటే ఏజెంటు మొదట చేతిలో పెట్టేది ఈసీ, అంటే ఆ ఆస్తి మీద ఏయే లావాదేవీలు జరిగాయో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. అందులో కనపడేవి రిజిస్టరైన లావాదేవీలే. వీలునామా, నోటరీ అగ్రిమెంటు, అన్నదమ్ముల పంపకాల కేసు అందులోకి రాకపోవచ్చు. ఒరిజినల్ దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు కూడా, ఆ తాకట్టు రిజిస్టరు కాకపోతే కనపడదు. అందుకే ముందు ఒరిజినల్స్ చూపించమనండి. జిరాక్సులు ఇచ్చి "అసలువి ఊళ్లో ఉన్నాయి" అంటే పైసా ఇవ్వొద్దు. బ్యాంకు తాకట్టులు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్ వెబ్‌సైట్‌లో కూడా తాకట్టు వెతకొచ్చు. లోను ఉందని తేలినంత మాత్రాన బేరం వదులుకోనక్కర్లేదు. బాకీ ఎంతో బ్యాంకు చేత రాయించుకుని, ఆ మొత్తం నేరుగా లోను ఖాతాకే కట్టండి.

ఈసీ కూడా రెండు రకాలుగా తీయాలి. ఫ్లాటు నంబరు మీద తీస్తే బిల్డరు అమ్మినప్పటి నుంచే కనపడుతుంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు మీద తీస్తేనే అంతకుముందు ఆ నేల ఎవరిదో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు పాతది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ముప్ఫై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) వరుసగా పేర్చి, ఒక దాంట్లో కొన్నవారే తర్వాతి దాంట్లో అమ్మారా అని పేరుపేరునా సరిచూడండి. లింకు తెగేది ఎక్కువగా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద చేతులు మారినచోట, లేదా యజమాని పోయాక వారసులు అమ్మినచోట. జీపీఏ అమ్మకంతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. వారసులు అమ్మితే పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల సంతకాలు ఉన్నాయో లేదో తప్పకుండా చూడండి.

చాలామంది అడగనిది మున్సిపల్ తనఖా. అపార్ట్‌మెంటుకు అనుమతి ఇచ్చేటప్పుడు, ప్లాను దాటకుండా కట్టాలని, నిర్మాణంలో పది శాతాన్ని జీహెచ్‌ఎంసీ తన పేర తనఖా రాయించుకుంటుంది. ఓసీ, అంటే నివాసానికి అనుమతించే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, వచ్చాకే అది విడుదలవుతుంది. ప్లాను మీరిన బిల్డరుకు ఓసీ రాదు, తనఖా విడదు, అయినా ఆ ఫ్లాట్లు అమ్ముడుపోతాయి. తనఖా దస్తావేజులో ఏ అంతస్తు, ఏ ఫ్లాట్లు రాశారో చదవండి. మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయో లెక్కపెట్టండి. క్రమబద్ధీకరణకు దరఖాస్తు పెట్టిన రసీదు అనుమతి కిందికి రాదు.

స్థలంలో మీ వాటా గజాలు కూడా లెక్క తేలాలి. 500 గజాల్లో ఒకేలాంటి పది ఫ్లాట్లుంటే ఒక్కోదానికి యాభై మించి రాదు. మీ దస్తావేజులో అరవై అని ఉంటే ఎక్కడో లెక్క తప్పిందన్నమాట. దగ్గర్లో చెరువుంటే హెచ్‌ఎండీఏ మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) చూడండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఆ గీత బయట కట్టడాలు ఉండకూడని జాగా.

అద్దె ఎంతొస్తుందో అమ్మేవాళ్లను అడగొద్దు. వాచ్‌మన్‌నూ, అదే అపార్ట్‌మెంటులో అద్దెకున్నవాళ్లనూ అడగండి. 70 లక్షల ఫ్లాటుకు నెలకు 22,000 అనుకుందాం. ఏడాదికి 2,64,000. ఒక నెల ఖాళీ, ఆస్తి పన్ను, రంగులు, మరమ్మతులు కలిపి 48,000 తీసేస్తే మిగిలేది 2,16,000. రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం కలిపితే పెట్టుబడి 75 లక్షలు దాటుతుంది, రాబడి మూడు శాతంలోపే. ఈ లెక్క చూశాకే ఈఎంఐ సంగతి ఆలోచించండి.

అమ్మేవారు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే ఇంకో జాగ్రత్త. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే ఒక శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) పట్టుకోవడం ఇక్కడివాళ్లకే వర్తిస్తుంది. ఎన్నారైకి అంతకు చాలా ఎక్కువ పట్టాలి, పట్టకపోతే ఆ బాధ్యత కొన్నవారిదే. తక్కువ పట్టమంటే ఆదాయపు పన్ను శాఖ సర్టిఫికెట్ తెమ్మనండి.

కరెంటు, నీటి బిల్లులు, అసోసియేషన్ బాకీలు లేవని కాగితం తీసుకుని, మీటరూ ఆస్తి పన్నూ మీ పేరుకు మార్పించుకోండి. అద్దెకిచ్చేటప్పుడు ఆధార్ జిరాక్సుతో సరిపెట్టుకోకుండా, కిరాయిదారు పాత ఇంటి ఓనరుకు ఫోన్ చేసి అద్దె సమయానికి కట్టేవారా అని అడగండి. ఏడాది దాటే లీజు రిజిస్టరు చేయించాలి కాబట్టే పదకొండు నెలల అగ్రిమెంటు వాడుకలో ఉంది. హాస్టల్‌గా నడపకూడదనీ, వేరేవాళ్లకు తిరిగి అద్దెకివ్వకూడదనీ రాయించండి. చేరే రోజు మీటరు రీడింగు అందులోనే వేసి, ఇద్దరూ సంతకం పెట్టండి.