చెక్ ఇంజన్ లైట్ వెలిగిందా? ఆక్సిజన్ సెన్సార్ మార్చే ముందు ఇవి చూడండి

స్కానర్ పెడితే కోడ్‌లో ఆక్సిజన్ సెన్సార్ (సైలెన్సర్ పైపులో పొగలోని ఆక్సిజన్‌ని చూసేది) పేరు కనబడుతుంది, వెంటనే కొత్తది కొని బిగించేస్తాం, వారం తిరక్కుండా లైట్ మళ్లీ వెలుగుతుంది. నాకూ మొదటిసారి ఇలాగే అయింది. తీరా చూస్తే సెన్సార్ బాగానే ఉంది, దాని వైరును పట్టుకునే క్లిప్పు ఊడిపోయి, వైరు వేలాడి వేడి సైలెన్సర్ పైపుకు తగిలి, పై తొడుగు కరిగి లోపలి రాగి తీగ బయటపడింది. అందుకే ముందు ఇంజన్ చల్లారాక టార్చి పట్టుకుని కిందకి చూడండి. వైరు, కనెక్టర్, అందులో నీళ్లు, తుప్పు అన్నీ చూశాకే మిగతా పని.

లక్షణాలు

మైలేజ్ పడిపోవడం, పొగ నల్లగా రావడం, పచ్చి పెట్రోల్ వాసన, ఐడిలింగ్‌లో బండి వణకడం, పికప్ మందగించడం. ఇవన్నీ పాడైన స్పార్క్ ప్లగ్ వల్లో, కారుతున్న ఇంజెక్టర్ వల్లో కూడా వస్తాయి కాబట్టి వీటిని బట్టి సెన్సార్ పోయిందని తేల్చకండి.

కోడ్ ఏమంటోంది

పీ0135, పీ0141 అంటే హీటర్ సర్క్యూట్ సమస్య. సెన్సార్ మొన సుమారు 300 డిగ్రీలు దాటితే తప్ప సరిగా పనిచేయదు, దాన్ని త్వరగా వేడెక్కించడానికే లోపల చిన్న హీటర్ ఉంటుంది. దీన్ని పరీక్షించడం తేలిక. కనెక్టర్ విప్పి, సెన్సార్ వైపు ఒకే రంగులో ఉన్న రెండు వైర్ల మధ్య (ఎక్కువ సెన్సార్లలో హీటర్‌వి అవే) మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. కొద్ది ఓమ్‌లు చూపిస్తే హీటర్ బతికే ఉంది, అసలు రీడింగే రాకపోతే లోపల తెగింది, సెన్సార్ మార్చాల్సిందే. హీటర్ బాగుంటే ఇంజన్ స్టార్ట్ చేసి, బండి వైపు కనెక్టర్‌లో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. రాకపోతే ఫ్యూజ్ దగ్గరికి వెళ్లండి, చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది.

పీ0171 వస్తే మాత్రం తొందరపడొద్దు. "గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ" అని సెన్సార్ చెబుతోంది, బహుశా నిజమే చెబుతోంది. ఇన్‌టేక్ వైపు పగిలిన వాక్యూమ్ పైపు, పెట్రోల్ ప్రెషర్ తగ్గడం, సెన్సార్‌కి ముందు సైలెన్సర్ పైపు జాయింట్ లీక్ అవడం, ఇవీ అసలు దోషులు. ఈ చివరిది చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. లీకు ఉన్నచోట పొగ బయటికి పోవడమే కాదు, బయటి గాలి లోపలికీ వస్తుంది, సెన్సార్ ఆ ఆక్సిజన్ చూసి పెట్రోల్ చాలట్లేదంటుంది, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) నమ్మి పెట్రోల్ ఇంకా పోస్తుంది, మీ మైలేజ్ అలా పోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వింటే టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంది, జాయింట్ చుట్టూ నల్లటి మసి చార కనబడుతుంది.

పీ0420 వస్తే అనుమానం ముందు క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ పైపులో పొగను శుద్ధి చేసే భాగం) మీదే పెట్టండి.

లైవ్ డేటాలో చూడాల్సింది

లైవ్ డేటా అంటే సెన్సార్లు ఆ క్షణంలో ఇస్తున్న రీడింగులు, స్కానర్‌లోనే కనబడతాయి. ఇంజన్ బాగా వేడెక్కాక 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచండి. కన్వర్టర్‌కి ముందున్న మామూలు జిర్కోనియా సెన్సార్ వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య చకచకా ఊగాలి, వెనకది దాదాపు నిలకడగా ఉండాలి. ముందుది 0.45 దగ్గరే కదలకుండా ఉంటే సెన్సార్ చల్లగా ఉన్నట్టో, వైరు తెగినట్టో, సెన్సారే పోయినట్టో. కిందే ఉండిపోతే యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కి చూడండి, పైకే ఉండిపోతే చిన్న వాక్యూమ్ పైపు ఒకటి ఊడదీసి చూడండి. వోల్టేజ్ వెంటనే కదిలిందా, సెన్సార్ బతికుంది, తప్పు ఇంకెక్కడో వెతకండి. మీ బండిలో ముందుది ఎయిర్ ఫ్యూయల్ రేషియో సెన్సార్ (గాలి, పెట్రోల్ పాళ్లు కొలిచే వేరే రకం) అయితే ఈ అంకెలు వర్తించవు, దానికి సర్వీస్ మాన్యువల్ చూడాల్సిందే.

మార్చాల్సి వస్తే

పట్టేసిన సెన్సార్‌ని బలవంతంగా తిప్పితే మరలు చెడిపోతాయి, తర్వాత పెద్ద పని పడుతుంది. తుప్పు వదిలించే ఆయిల్ ముందే కొట్టి నానబెట్టండి, ఇంజన్ కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పండి. సాధారణంగా 22 ఎంఎం, వైరు దూరేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ కావాలి. విప్పాక మొన చూడండి. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది, జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది, తెల్లటి పూత ఉంటే సిలికాన్ సీలెంట్ కానీ కూలెంట్ కానీ లోపలికి పోతోంది. ఆ మూలకారణం సరిచేయకుండా కొత్తది పెడితే దాని గతీ అంతే.

కొత్తదాని మరలకి యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు) సాధారణంగా పూసే ఉంటుంది, ఉంటే మళ్లీ రాయకండి, మొనకి మాత్రం ఏదీ అంటనివ్వకండి. వైర్లు కోసి సోల్డర్ చేయడం వద్దు, చాలా సెన్సార్లు పోల్చి చూసుకునే బయటి గాలిని ఆ వైర్ల సందుల్లోంచే తీసుకుంటాయి, అవి మూసుకుపోతే కొత్త సెన్సార్ కూడా తప్పు రీడింగ్ ఇస్తుంది. బిగించి, వైరును క్లిప్పులో పెట్టి, కోడ్ చెరిపేసి, కొన్ని రోజులు నడిపాక స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె) చూడండి. ప్లస్ 10, మైనస్ 10 శాతం లోపు ఉంటే పని అయినట్టే, దాటుతూ ఉంటే మళ్లీ లీకుల దగ్గరికే వెళ్లండి.