కొత్త క్లచ్ వేశాక ఇబ్బంది వస్తే: గేర్‌బాక్స్ మళ్ళీ దించే ముందు చూడవలసినవి

కారుకు కొత్త క్లచ్ సెట్ వేసి గేర్‌బాక్స్ ఎక్కించిన తరువాత పెడల్ పూర్తిగా తొక్కినా గేరు పడకపోయినా, ఇంజిను వేగం పెరుగుతున్నా బండి ముందుకు సాగకపోయినా, కదిలేటప్పుడు బండి అంతా అదిరినా, చాలామంది కొత్త క్లచ్ ప్లేటులోనే లోపమున్నదని నిర్ణయించుకుని గేర్‌బాక్స్ మళ్ళీ దించడానికి సిద్ధపడతారు. నా అభిప్రాయంలో అది తొందరపాటు. ఇటువంటి ఇబ్బందులకు కారణాలు చాలావరకు బయటి నుంచే పరీక్షించగలిగినవి. లోపలి కారణమే అయినా, ముందుగా బయటివన్నీ చూసి ఉంటే, దించినప్పుడు దేనికోసం వెతకాలో తెలుస్తుంది.

పరీక్షలకు ముందు బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. సరిగా విడవని, అంటే ఇంజినును గేర్‌బాక్స్ నుంచి పూర్తిగా వేరుచేయని క్లచ్‌తో ఇంజిను స్టార్ట్ చేసి గేరు వేస్తే బండి ఒక్కసారిగా ముందుకు దూకవచ్చు కనుక, ఎదుటా వెనుకా ఎవరూ నిలబడకూడదు.

మొదట ఇంజిను ఆపి ఉంచి, పెడల్ తొక్కి, గేర్లన్నీ వరుసగా వేసి చూడాలి. ఆగి ఉన్నప్పుడు తేలికగా పడే గేర్లు స్టార్ట్ చేయగానే మొరాయిస్తుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. ఆగి ఉన్నప్పుడు కూడా బిగుసుకుపోతుంటే, గేర్‌బాక్స్ దించినప్పుడు విప్పిన గేర్ లివర్ కేబుళ్ళు లేదా రాడ్లు తిరిగి సరిగా అమరాయో లేదో ముందుగా చూడాలి. తరువాత ఇంజిను ఐడిల్‌లో ఉండగా పెడల్ నేలకు ఆనేలా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయాలి. అంతసేపు ఆగినా గేరు గరగరలాడుతూ పడుతుంటే, గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే ఇన్‌పుట్ షాఫ్ట్‌ను ఇంజిను ఇంకా తిప్పుతూనే ఉన్నదన్నమాట.

క్లచ్ విడవకపోవడానికి మొదట అనుమానించవలసినది హైడ్రాలిక్ వ్యవస్థను, అంటే పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా క్లచ్‌కు చేర్చే ఏర్పాటును. పెడల్‌ను వెంటవెంటనే నాలుగైదుసార్లు తొక్కితే గేరు పడి, కాసేపు వదిలి తొక్కితే పడకపోతుంటే లైనులో గాలి ఉండవచ్చు, లేదా పెడల్ దగ్గర ఉండే మాస్టర్ సిలిండర్ సీల్ ఒత్తిడిని నిలపలేకపోతూ ఉండవచ్చు. గాలి తీసేటప్పుడు ఒకరు పెడల్‌ను నెమ్మదిగా కిందికి తొక్కి పట్టుకోగా మరొకరు బ్లీడ్ నిపిల్ (గాలిని బయటికి వదిలే చిన్న స్క్రూ) తెరిచి, పెడల్ పైకి వదలక ముందే మూయాలి. రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది కనుక మధ్యమధ్య నింపుతూ ఉండాలి. బుడగలు ఎంతకీ ఆగకపోతే కింది నిపిల్ నుంచి పైకి ఫ్లూయిడ్‌ను ఎక్కించే పద్ధతి చాలాసార్లు పని చేస్తుంది. డాట్ 3, డాట్ 4 ఫ్లూయిడ్లు పెయింటును పాడు చేస్తాయి. కొన్ని కార్లకు వేరే రకం నూనె పోయవలసి ఉంటుంది కనుక మూతపై రాసినది చదవకుండా ఏదీ పోయకూడదు. కేబుల్ క్లచ్ అయితే ఈ శ్రమ లేదు. ఫ్రీ ప్లే (క్లచ్ కదలడం మొదలయ్యే ముందు పెడల్‌కు ఉండే ఖాళీ కదలిక) కొలిచి, కేబుల్ దారిలో ఎక్కడా మడత పడలేదని చూస్తే సరిపోతుంది.

ఇక్కడే అన్నిటికంటే ముఖ్యమైన కొలత ఒకటి ఉంది. క్లచ్‌ను కదిలించే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ బయట ఉన్న కార్లలో ఒకరిచేత పెడల్ తొక్కించి, దాని రాడ్ ఎంత దూరం జరుగుతున్నదో కొలిచి సర్వీస్ మాన్యువల్‌లోని కొలతతో పోల్చాలి. తక్కువగా జరుగుతుంటే లోపం పెడల్‌కూ స్లేవ్ సిలిండర్‌కూ మధ్య ఉన్నది, గేర్‌బాక్స్ దించనక్కరలేదు. పూర్తిగా జరుగుతున్నా క్లచ్ విడవకపోతే లోపం లోపలిది. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే, ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉండే రకమైతే ఈ కొలత వీలుపడదు కనుక, ఫ్లూయిడ్ కారుతున్నదేమో బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గుల్ల) అడుగున వెతకాలి.

క్లచ్ జారుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డుపై పై గేరులో మోస్తరు వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిను వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే జారుతున్నట్టే. హ్యాండ్ బ్రేక్ వేసి క్లచ్ వదిలి చూసే పాత పరీక్షను కొత్త క్లచ్‌పై చేయవద్దని గట్టిగా చెబుతాను. అది ప్లేటుపై ఉండే రాపిడి పొరను, అంటే కొత్త లైనింగును, క్షణాల్లో మాడ్చగలదు. మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లైనింగు కుదురుకునే కాలం కాబట్టి స్వల్పంగా తేడా ఉంటే బరువు లాగకుండా మెత్తగా నడిపి చూడవచ్చు, కానీ కాలిన వాసన వస్తే నడపడం ఆపాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారడం మొదలైతే, మాస్టర్ సిలిండర్ పుష్ రాడ్‌కు ఫ్రీ ప్లే లేక లైనులో ఒత్తిడి నిలిచిపోతున్నదేమో చూడాలి. మిగిలినవి లోపలి కారణాలే: స్ప్లైన్లకు (ఇన్‌పుట్ షాఫ్ట్ మీది పళ్ళకు) అతిగా పూసిన గ్రీజు చిమ్మి లైనింగుకు అంటడం, క్రాంక్‌షాఫ్ట్ వెనుక సీల్ నుంచి ఆయిల్ కారడం, క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు (ఇంజిను వెనుక తిరిగే బరువైన చక్రానికి) అదిమే కొత్త ప్రెషర్ ప్లేటుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడవకుండానే బిగించడం.

బండి అదరడానికీ ఈ నూనె మరకలే కారణం కావచ్చు, ఫ్లైవీల్‌పై వేడికి నల్లబడిన మచ్చలూ కావచ్చు. అయితే పని కోసం విప్పిన ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగుల బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూడడానికి కొద్ది నిమిషాలే పడుతుంది కాబట్టి అది ముందు. ఇక శబ్దం విషయానికి వస్తే, పెడల్ తొక్కినప్పుడు వస్తే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగునో, ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను మోసే పైలట్ బేరింగునో, న్యూట్రల్‌లో వదిలినప్పుడు వచ్చి తొక్కగానే ఆగితే సాధారణంగా గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగును అనుమానించాలి.

చివరికి దించవలసే వస్తే, ముందుగా ప్లేటు దిశ చూడాలి. సాధారణంగా స్ప్రింగులు ఉబ్బెత్తుగా ఉన్న వైపు గేర్‌బాక్స్‌కు ఎదురుగా ఉండాలి, అయినా ప్లేటుపై ముద్రించిన గుర్తుదే తుది మాట. తిరగేసి వేస్తే ప్లేటు నడుమ ఉండే హబ్ ఫ్లైవీల్ బోల్టులకు తగిలి క్లచ్ విడవదు. ఎక్కించేటప్పుడు గేర్‌బాక్స్ బరువు ప్లేటుపై వేలాడి ఉంటే ప్లేటు వంగి ఉండవచ్చు. ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా కాక ఒక్కొక్కటే పూర్తిగా బిగించి ఉంటే కవర్ వంకరపోయి ఉండవచ్చు. రిలీజ్ బేరింగును నెట్టే ఫోర్క్ తన పివట్‌పై (ఊగే ఆధారంపై) కూర్చున్నదా, పైలట్ బేరింగ్ స్వేచ్ఛగా తిరుగుతున్నదా, గేర్‌బాక్స్‌ను ఇంజినుకు సరిగా కుదిర్చే డోవెల్ పిన్నులు వాటి చోట ఉన్నాయా అన్నవి చూసి, తీసిన పాత ప్లేటును కొత్తదాని పక్కన పెట్టి వ్యాసం, స్ప్లైన్ల సంఖ్య, హబ్ ఎత్తు పోల్చాలి. అందుకే కొత్త క్లచ్ సరిగా పనిచేస్తున్నదని తేలేవరకు పాత భాగాలను పారేయకూడదు. పాత కార్ల లైనింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉన్నందున బెల్ హౌసింగులోని దుమ్మును గాలి కొట్టి ఊదకుండా, మాస్కు ధరించి తడి గుడ్డతో తుడవాలి.